నూనె ముల్లు తప్పా?

ప్రశ్న: నా దగ్గర పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఉంది. ఇంజిన్ ఆయిల్ ప్రెషర్, ఆయిల్ టెంపరేచర్ చూపే గేజులు రెండు కొత్తగా బిగించుకుంటున్నాను. వాటి కింద తెలుగులో పేర్లు రాయించాలని కోరిక. మిత్రులు 'తైల పీడన మాపకం', 'తైల ఉష్ణమాపకం' అని రాసిచ్చారు. మెకానిక్ మాత్రం 'నూనె ముల్లు', 'వేడి ముల్లు' అంటాడు. నూనె వంటింటి మాట కదా, ఇంజిన్‌కు 'చమురు' అనాలేమో? 'ముల్లు పడిపోయింది' అనడం సాధువేనా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ మెకానిక్‌ను తప్పు పట్టే ముందు 'నూనె'ను ఒకసారి విప్పి చూడండి. నూ, నెయ్యి కలిస్తే నూనె. 'నూ' అంటే నువ్వు. నూపప్పు అన్నప్పుడు ఆ పొట్టి రూపం ఇప్పటికీ వినిపిస్తుంది. మా పల్లెల్లో నూగులంటాం. నువ్వుల్లోంచి దిగిన నెయ్యి గనుక నూనె. తమిళులకు నువ్వు 'ఎళ్', దానికి నెయ్యి చేర్చి 'ఎణ్ణెయ్' అన్నారు, కన్నడిగులది 'ఎణ్ణె'. సంస్కృతంలోనూ తిలల నుంచి వచ్చిందే తైలం. మీ మిత్రులు గంభీరంగా ఉందని ఎంచుకున్న 'తైలం' కూడా పుట్టుకతో గానుగ సరుకే! వంటింటిదని నూనెను తోసేస్తే తైలాన్నీ తోసెయ్యాలి.

నిజానికి 'నువ్వుల నూనె' అంటున్నామంటే నువ్వును రెండుసార్లు పలుకుతున్నామన్నమాట. ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. మాట తన గింజను ఎప్పుడో మరిచిపోయింది. అనంతపురం చేలల్లో శెనక్కాయ పండాక శెనక్కాయ నూనె వచ్చింది. దీపాల్లోకి కిరసనాయిలు దిగితే కన్నడం పక్కనున్న ఊళ్లలో పెద్దలు దాన్ని సీమనూనె అన్నారు. ఇంజిన్ నూనె ఆ వరుసలో కడగొట్టుది.

ఇక 'నెయ్యి' సంగతి. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగకుండా ఉండలేను. ఇవాళ మనకు నెయ్యంటే వెన్న కాచినదే. ద్రావిడ భాషల్లో దాని అర్థం అంతకంటే వెడల్పు, జిడ్డుగల ద్రవం ఏదైనా నెయ్యే. దాని పక్కనే 'నెయ్యము' ఉంది. నెయ్యమంటే చెలిమి, ప్రేమ. మన తాళ్లపాక అన్నమయ్య 'నెయ్యములల్లో నేరేళ్ళో, ఒయ్యన వూరెడి వువ్విళ్ళో' అన్నాడు. ఆ 'ఊరడం' చూడండి. ప్రేమ అక్కడ ద్రవంలా ఊరుతున్నది, అదీ ఒయ్యన. నెయ్యము 'స్నేహ' శబ్దానికి వికృతి అని కొందరంటారు, నెయ్యి బిడ్డేనని కొందరంటారు. నేను తేల్చి చెప్పలేను, నా మొగ్గు రెండో వైపు. ఎటు చూసినా ఫలితం ఒకటే: సంస్కృతంలో 'స్నేహం' అంటే నూనె, ప్రేమ రెండూ. ఆయుర్వేదంలో స్నేహపానమంటే నెయ్యో తైలమో తాగించడం. రెండు వస్తువులు ఒరుసుకోకుండా మధ్యన నిలిచేది ఏదో, దానికీ చెలిమికీ ఈ నేల మీది రెండు భాషా కుటుంబాలూ ఒకే మాట పెట్టుకున్నాయి. ఇంజిన్‌లో ఇరుసుకూ బేరింగుకూ నడుమ పల్చని పొరగా నిలిచి, ఇనుముకు ఇనుము తగలనివ్వని ద్రవానికి ఇంతకంటే తగిన పేరు ఎక్కడ దొరుకుతుంది?

మీ ఉత్తరం అందాక మా వీధి చివరి షెడ్డుకు వెళ్లి చూశాను. మెకానిక్ ఇంజిన్ పక్కన హెచ్చరిక లైటు స్విచ్‌ను పానాతో విప్పి, ఆ రంధ్రంలో ఇంగ్లిషు T ఆకారపు ఇత్తడి ముక్క బిగించి, ఒక కొమ్మకు పాత స్విచ్‌నూ ఇంకో కొమ్మకు గేజుకు పోయే సన్నగొట్టాన్నీ తగిలించాడు. లైటు ఉందిగా, ఇదెందుకన్నాను. "లైటు వెలిగేసరికి పనైపోయుంటాది అయివారూ" అన్నాడు. చాలా కార్లలో ఒత్తిడి చదరపు అంగుళానికి అయిదారు పౌండ్లకు పడితే గాని అది వెలగదట. ఇంజిన్ నడిపి చూపించాడు. చల్లగా ఉన్నప్పుడు ముల్లు అరవై దాటి నిలిచింది. అరగంట తిరిగొచ్చాక, బండి ఊరికే నిలబడి ఆడుతుంటే, ఇరవై దగ్గర ఊగింది. "నూనె కాగితే పల్చబడ్తాది, ముల్లు దిగుతాది. ఇది రోగం గాదు. వేడి ముల్లు నూరుకాడ ఉండి ఇది ఇరవై ఉంటే సరే. వేడి ఎక్కకుండానే ఇది దిగితే భయపడాల." రెండు గేజులను కలిపి చదవాలన్న సూత్రాన్ని నాలుగు ముక్కల్లో చెప్పాడు. మన పాఠ్యపుస్తకాలు ఇదే సంగతిని 'ఉష్ణోగ్రత పెరిగిన స్నిగ్ధత తగ్గును' అంటాయి. జిడ్డు అనే మాట ఉండగా పిల్లల నోట్లో 'స్నిగ్ధత' ఎందుకు కుక్కుతామో నాకు అర్థం కాదు.

తక్కినవి క్లుప్తంగా. చమురు తప్పు కాదు, మంచి పాత మాట. 'చేతిచమురు వదిలింది' అంటున్నాం కదా. కానీ పత్రికలు దాన్ని ముడిచమురుకూ ధరలకూ కట్టేశాయి. పీడనంలో పీడ వినిపిస్తుంది, ఒత్తిడి మేలు. రక్తపోటు ఉంది గనుక 'నూనెపోటు' అంటే ఇంపుగానే ఉంటుంది గాని, గుండెపోటు తలపుకు వస్తుందేమోనని నేనే జంకుతున్నాను. 'మాపకం' సంస్కృతంలో కొలిచేదే, ఒప్పుకుంటాను. తెలుగు చెవికి మాత్రం రూపుమాపడం వినిపిస్తుంది. ముల్లుకు ఏ లోటూ లేదు: కాలి ముల్లు, త్రాసు ముల్లు, గడియారం ముల్లు. తమిళ కన్నడాల్లోనూ గడియారానికి ఉన్నది ముల్లే. 1849లో ఫ్రాన్సులో బూర్దో అనే ఆయన పేటెంటు పొందిన వంపు గొట్టమే ఈ గేజు లోపల ఒత్తిడికి కాస్త నిటారై పళ్లచక్రాన్ని తిప్పుతుంది. తిరిగేది, మనం చూసేది ముల్లునే.

గేజు గుండ్రం 52 మిల్లీమీటర్లు. దాని కింద 'తైల పీడన మాపకం' పట్టించాలంటే అక్షరాలు చీమల బారు అవుతాయి. ఒకదాని కింద 'నూనె ఒత్తిడి', రెండోదాని కింద 'నూనె వేడి' అని రాయించండి. ఉత్త 'వేడి' అంటే రేడియేటర్ నీళ్ల వేడి అనుకునే ప్రమాదం ఉంది. 'గేజు' అనే మాటను నోటితో వాడుకోండి, అదీ మనదైపోయింది. పండితులు ఒప్పుకోకపోవచ్చు, వాళ్లతో నాకు పేచీ లేదు.

'ముల్లు పడిపోయింది' సాధువే, కాకపోతే మెల్లగా తగ్గితే 'దిగింది' అనండి. పడిపోవడం ఒక్కసారిగా సున్నాకు రావడానికే ఉంచుకోండి. అలా పడిన క్షణంలో మాట వెతకకుండా ముందు ఇంజిన్ ఆపండి.