సముద్రపు కర్రలో మొక్కలు పెట్టే ముందు

బంగారూ,

భీమిలి ఒడ్డున దొరికిందని నువ్వు పంపిన కర్ర ఫోటో రెండు మూడు సార్లు చూశాను. మంచి కర్ర. మెలి తిరిగి, మధ్యలో దానంతట అదే గుంట పడింది. వచ్చే ఆదివారమే అందులో సక్యులెంట్లు, అదే ఆ దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు, పెట్టేస్తానన్నావు. ఆ పని మాత్రం వద్దు, కనీసం నెల రోజులు ఆగు.

దాని నిండా ఉప్పు ఉంటుందమ్మా. 2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్ళాక మా దగ్గరి ఒడ్డుకి బోలెడు కర్రలు కొట్టుకొచ్చాయి. నేనొక సరుగుడు మొద్దు తెచ్చి, పైపైన కడిగి, మూడో రోజే మొక్కలు పెట్టాను. నెల తిరక్కముందే ఆకుల అంచులు మాడిపోయాయి. నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని తగ్గిస్తే ఇంకా ముదిరింది. చీలికల్లో తెల్లటి పొడి కనబడ్డాక గాని సంగతి తెలియలేదు. పదకొండు మొక్కలు పోయాయి. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు. మెత్తగా దిగిపోతే ఆ కర్ర పనికిరాదు. గట్టిగా ఉంటే చీలికల్లో మరిగే నీళ్ళు పొయ్యి, లోపల పురుగులుంటే చస్తాయి. తర్వాత పెద్ద టబ్బులో మంచినీళ్ళు పోసి ముంచు. తేలుతుంది కాబట్టి పైన బరువు పెట్టు, మీ ఇంట్లో పాత రోలు పొత్రం ఉంది కదా. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చు. టీ డికాక్షన్ రంగు దిగితే టెన్షన్ పడకు, అది కర్రలోని వగరు. పారబోసే నీళ్ళు మాత్రం చెట్ల మొదట్లో పడనివ్వకు. రెండు వారాలయ్యాక తీసి బాగా ఎండబెట్టు. ఎండాక పైన తెల్లటి పొడి తేలిందంటే మళ్ళీ నానబెట్టాల్సిందే.

రెండోది, నీళ్ళు బయటికి పోయే దారి. కర్రని ఎలా కూర్చోబెడతావో ముందే తేల్చుకుని, అలా పెట్టినప్పుడు గుంటలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట డ్రిల్లింగ్ మెషిన్‌తో 12 మిల్లీమీటర్ల రంధ్రం కిందికంటా వెయ్యి. గుంట పొడవుగా ఉంటే రెండు మూడు వెయ్యి. రంధ్రం పైన షేడ్ నెట్ ముక్క పరిచెయ్. కర్ర అడుగు నేలకి ఆనకుండా కింద రాళ్ళు పెట్టు, లేకపోతే చెదలు పడతాయి. వార్నిష్ నాకు ఇష్టం లేదు. ఎండకీ ఉప్పునీటికీ వచ్చిన ఆ బూడిద రంగు ఏ డబ్బాలోనూ దొరకదు.

మట్టికి ముతక ఏటి ఇసుక రెండు పాళ్ళు, చితక్కొట్టిన ఇటుక ముక్కలు ఒక పాలు, వర్మీ కంపోస్ట్ ఒక పాలు కలుపు. బీచ్ ఇసుక చిటికెడు కూడా వద్దు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, మన తేమ గాలిలో తొందరగా ఆరదు, నేను వాడను.

మొక్కల దగ్గర నీ మనసు ఎచెవేరియా మీదే ఉందని తెలుసు. గులాబీ పువ్వులా ఉంటుంది, ఎవరికైనా మనసు పోతుంది. కానీ బెంగళూరులో బాగా వచ్చేది మన ఉక్కపోతలో, వానల్లో కుళ్ళిపోతుంది. హవర్తియా, గాస్టేరియా తీసుకో. ఈ రెండూ నేరుగా ఎండ పడని వెలుతురులో హాయిగా ఉంటాయి. జేడ్‌కి ఎండ కావాలి, దాన్ని వీటితో కలపకుండా వేరే కర్రలో పెట్టుకో. కడియం నర్సరీల వైపు వెళ్తే అక్కడే చూసుకో, అక్కడ లేని మొక్క ఉండదు. కవరులోంచి తీశాక వేళ్ళకున్న బంకమట్టిని దులిపి, రెండు మూడు రోజులు నీడలో ఆరనివ్వు. తుంచిన కొమ్మలైతే కోసిన చోటు పూర్తిగా ఎండే దాకా ఆగు.

పెద్ద మొక్క గుంట మధ్యలో కాకుండా ఒక పక్కకి పెట్టు, చిన్నవి దాన్ని ఆనుకుని రావాలి. గుంట దాటి బయటికి మొక్కలు పరవకు. కర్ర సగానికి పైగా కనబడాలి. అంత దూరం కొట్టుకొచ్చిన దాని వంపులు కప్పేస్తే, ప్లాస్టిక్ కుండీ అయినా ఒకటే. జిగురు వాడొద్దు. నిలబడని కొమ్మని సన్నటి నైలాన్ దారంతో కట్టు, వేరు పట్టుకున్నాక విప్పేయొచ్చు.

మొదటి వారం నీళ్ళు పోయకు. తర్వాత కూడా వెదురు పుల్ల అడుగు దాకా గుచ్చి, పొడిగా బయటికొస్తేనే పొయ్యి. వానాకాలంలో చూరు కిందికి జరిపెయ్.

ఇంకొక్క మాట. ఇంకా కర్రలు ఏరుకుంటానన్నావు. ఇసుకలో సగం పూడుకుపోయిన వాటిని తవ్వి తీయకు, జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్ళు అక్కడే గుడ్లు పెడతాయి. కోరింగ మడ అడవికి వెళ్ళినా చూసి రావడమే, అది అభయారణ్యం, పుల్ల కూడా తేకూడదు.

మొక్కలు ఇప్పుడే కొనకు. కర్ర ఎండాక, రంధ్రం వేయకముందు, అడుగు వైపు ఫోటో తీసి పంపు. ఎక్కడ వేయాలో గుర్తు పెట్టి పంపిస్తాను.

నీ పెద్దమ్మ