అవుటపల్లి కరపత్రం అచ్చుకిచ్చే ముందు

నాయనా,

పెదఅవుటపల్లి యాత్రకు నువ్వు రాసిన కరపత్రం చదివాను. భక్తితో రాశావు, సంతోషం. ప్రెస్సుకి ఇచ్చే ముందు మాత్రం కొన్ని దిద్దాలి. పైన ‘పునీత (సెయింట్) జోసఫ్ తంబి’ అన్నావు, లోపల ‘పూజ్యులు’ (వెనరబుల్) అన్నావు, బొమ్మలో తల చుట్టూ వెలుగు గీయించావు.

1945 జనవరి 15న కన్నుమూసిన మన బ్రదర్ జోసఫ్ తంబి గారు ఇప్పటికి దైవసేవకులు, అంటే పునీతులయ్యే దారిలో మొదటి మెట్టు మీద ఉన్నారు. అంతే రాయి. వెనరబుల్ అనేది ఆ పై మెట్టు. సాక్షుల మాటలు, రాతలు అన్నీ రోములో పరిశీలించి, ఈ మనిషి విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ, వివేకం, న్యాయం, ధైర్యం, మితం వీరోచితంగా పాటించాడని పోపు గారు ఒప్పుకుంటే ఆ బిరుదు వస్తుంది. దానికి అద్భుతం అక్కర్లేదు. తీర్పంతా ఆయన బతికిన తీరు మీదే. ఆ తర్వాత ఆయన్ని వేడుకోగా జరిగిన అద్భుతం రుజువైతే ధన్యులు (బ్లెస్డ్), ఆ తర్వాత ఇంకొకటి రుజువైతే పునీతులు.

వెనరబుల్ మెట్టు దగ్గరే ఉన్న ఐర్లండ్‌లోని డబ్లిన్ కూలీ మాట్ టాల్బట్ సంగతి నాకు చాలా ఇష్టం. తాగుడుకి బానిసై, 28వ ఏట మానేసి, చనిపోయేదాకా మళ్ళీ ముట్టలేదు. 1925లో చనిపోయాడు, 1975లో వెనరబుల్ అయ్యాడు. ధన్యుడు ఇంకా కాలేదు. అయినా తాగుడు మానాలనుకునేవాళ్ళు ఆయన్ని తలుచుకుని ప్రార్థిస్తూనే ఉన్నారు.

‘పూజ్యులు’ అన్న మాటతో ఇంకో చిక్కుంది. మన గుళ్ళో పూజ అంటే దివ్యబలి (మాస్). ఆ మాట వినగానే ఆయన గౌరవార్థం పూజ పెట్టించవచ్చనుకుంటారు. నిజానికి వెనరబుల్ అయినవారికి కూడా పండుగ రోజు ఉండదు, ఆయన పేరున గుడి కట్టకూడదు, బలిపీఠం మీద బొమ్మ పెట్టకూడదు. తల చుట్టూ వెలుగు గీయవద్దని 8వ అర్బన్ పోపు గారి కాలంలో, 1625లోనే ఆజ్ఞ వచ్చింది. జనం తొందరపడి పునీతుణ్ణి చేసేస్తే ఆ దర్యాప్తుకే అడ్డం వస్తుంది.

ఇంట్లో నువ్వు బ్రదర్ గారిని వేడుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఆయన సహాయంతో మేలు జరిగిందని ఎవరైనా చెబితే తేదీ, డాక్టర్ కాగితాలు జాగ్రత్త చేసి విజయవాడ బిషప్ గారి పీఠానికి పంపమని కరపత్రం చివర ఒక వాక్యం చేర్చు. వెలుగు తీసేసిన బొమ్మ ఆదివారం పూజకి వచ్చేటప్పుడు తీసుకురా, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న