పురంజనుడి కథ దగ్గర కాస్త జాగ్రత్త

చిన్నీ,

భాగవతం మొదలుపెడుతున్నావట, రోజుకో ఘట్టం చదివి అది నీ లోపల ఎక్కడుందో నోట్‌బుక్‌లో రాసుకుంటానన్నావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమేసింది. మన ఇంట్లో ఆడపిల్లలకి మంగళహారతులు నేర్పారు గానీ ఇలాంటి పుస్తకం చేతికివ్వలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, విసుక్కోకుండా చదువు.

తాత్పర్యం ఉన్న ప్రతి కొనుక్కో. కథని ముందు కథలాగే చదువు, గజేంద్రుడి కాలు మొసలి పట్టుకుంటే నువ్వూ భయపడు, ఆ మొసలి ఏమిటని అప్పుడే తవ్వకు. అంతరార్థాన్ని గ్రంథమే విప్పి చెప్పిన చోట మొదలుపెట్టు. కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్తాడు కదా, శరీరం రథం, బుద్ధి సారథి, మనసు కళ్ళెం, ఇంద్రియాలు గుర్రాలు అని. భాగవతంలో అలాంటిది నాలుగో స్కంధంలో పురంజనుడి కథ.

నా టెన్షనంతా ఆ కథతోనే. తొమ్మిది వాకిళ్ళ పట్నంలో ఆ రాజు ఒక అందగత్తె మోజులో పడి, ఆమె తాగితే తాగి, ఏడిస్తే ఏడ్చి, అలా బతికేస్తాడు. చండవేగుడనే గంధర్వరాజు 360 మంది గంధర్వుల్నీ, అంతమంది గంధర్వ స్త్రీలనీ వెంటేసుకొచ్చి పట్నాన్ని దోచుకుంటాడు, వాళ్ళు ఏడాదిలోని పగళ్ళూ రాత్రులూ అన్నమాట. మీ పెదనాన్న రిటైరైన కొత్తలో ఇది చదివి, ఆ అందగత్తె నేనేనని తేల్చేశారు! బంధమట. కంచం పట్టుకెళ్ళి వసారాలో ఒక్కరే తినేవారు. గోంగూర పచ్చడంటే పడి చచ్చే మనిషి, వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టేవారు. పెద్దది పురిటికి వస్తే ముక్తసరిగా రెండు మాటలు, అంతే. చుట్టుపక్కల వాళ్ళేమో ఎంత వైరాగ్యమో అని దణ్ణాలు. ఒళ్ళు మండి ఒక మధ్యాహ్నం నేనే ఆ పుస్తకం తీశాను. నారదుడు ప్రాచీనబర్హి అనే రాజుకి ఈ కథ చెప్పి ఊరుకోలేదు, ఎవరు ఏమిటో ఆ తర్వాత వరసగా విప్పాడు. పురంజనుడు జీవుడు, పట్నం ఒళ్ళు, ఆ స్త్రీ అతని బుద్ధి. పెళ్ళాం కాదు, బుద్ధి! ఈయన ఆ పేజీ దాకా వెళ్ళనే లేదు. కంచం పక్కన తెరిచి పెట్టాను. చదివారు, ఏమీ అనలేదు, మర్నాడు వంటింట్లోకొచ్చి కూర్చున్నారు. కూతురితో మాట కలవడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

అందుకే నీ స్టేటస్ చూసి గుండె ఝల్లుమంది. ప్రతి ఇంట్లో ఒక ధృతరాష్ట్రుడు ఉంటాడని పెట్టావు. మీ నాన్న నీ తమ్ముణ్ణి వెనకేసుకొస్తాడు, నిజమే, దానికి నేనే చీవాట్లు పెట్టాను ఎన్నోసార్లు. కానీ ఆ గుడ్డితనం నీలో ఎక్కడుందో రాసుకోవడానికి కదా నోట్‌బుక్, మీ నాన్న మీద పితూరీలకా? అందులో ఇంట్లోవాళ్ళ పేరు ఒక్కటి కనపడితే ఆ పేజీ చింపెయ్. నీ మీద కోపం కాదే, నువ్వు మా అందరికంటే బాగా చదవగలవని తెలిసే ఇంత గొడవ.

పురంజనుడు మర్చిపోయిన పాత స్నేహితుడొకడున్నాడు, అవిజ్ఞాతుడని. అతనెవరో నేను చెప్పను.

నాలుగో స్కంధం మీ పెదనాన్నది కొరియర్‌లో పంపుతున్నాను. పెన్సిల్ గీతలు ఆయనవి, పట్టించుకోకు. స్టేటస్ ఈ రాత్రికే తీసెయ్, మీ నాన్న ఇంకా చూడలేదట.

మీ పెద్దమ్మ