పేస్‌మేకర్ ఉన్న నాన్నకు ఎంఆర్‌ఐ చేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. మూడేళ్ల క్రితం పేస్‌మేకర్ అమర్చారు. నడుము నొప్పి, కాలు తిమ్మిరి ఉండటంతో ఎంఆర్‌ఐ తీయించమన్నారు. పేస్‌మేకర్ ఉందనగానే స్కానింగ్ సెంటర్ వాళ్లు కుదరదన్నారు. పేస్‌మేకర్‌తో పాటు ఇచ్చిన కార్డులో మాత్రం ‘ఎంఆర్‌ఐ కండిషనల్’ (షరతులకు లోబడి ఎంఆర్‌ఐ చేయవచ్చు) అని ఉంది. మనుషులపై పరీక్షించకుండా కంపెనీ ఆ మాట ఎలా చెప్పగలదు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: కార్డులో ఆ మాట ఉంటే సాధారణంగా చేయించవచ్చు, అయితే కంపెనీ పెట్టిన షరతులన్నీ పాటించినప్పుడే. ఈ తరహా తొలి పేస్‌మేకర్‌కు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లోనే అనుమతినిచ్చింది కాబట్టి, పేరు వినగానే తిప్పి పంపడం సరికాదు.

అయస్కాంతం పరికరాన్ని లాగేస్తుందేమోనని చాలామంది భయపడతారు గానీ, టైటానియం తొడుగున్న నేటి పేస్‌మేకర్లలో అంతకంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైనది పరికరం నుంచి గుండెలోకి వెళ్లే లీడ్ (విద్యుత్ తీగ) విషయంలో. 1.5 టెస్లా (అయస్కాంత శక్తికి కొలమానం) యంత్రం సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపుతుంది. అర మీటరుకు పైగా ఉండే లీడ్ వాటిని యాంటెన్నాలా అందుకుంటే, గుండె కండరాన్ని తాకే కొన దగ్గర వేడి పుడుతుంది. ఆ వేడి లీడ్ సాగిన దారిని, చర్మం కింద చుట్టిన తీరును, రోగి శరీర పరిమాణాన్ని, యంత్రంలో పడుకున్న స్థానాన్ని బట్టి మారుతుంది.

ఇన్ని రకాలుగా మనుషులపై పరీక్షించలేం, పరీక్షించకూడదు కూడా. అందుకే నిజమైన వ్యక్తుల ఎంఆర్‌ఐ చిత్రాల నుంచి తయారుచేసిన కంప్యూటర్ దేహాలను వాడతారు. స్విట్జర్లాండ్‌లోని ఐటీఐఎస్ ఫౌండేషన్ రూపొందించిన ‘డ్యూక్’ 34 ఏళ్ల పురుషుడి దేహం, ‘ఎల్లా’ 26 ఏళ్ల స్త్రీ దేహం. కండరం, కొవ్వు, రక్తం ఒక్కోటి విద్యుత్తును ఎంత ప్రసరింపజేస్తుందో అందులో నమోదై ఉంటుంది. ఆ దేహాల్లో లీడ్‌ను రకరకాల దారుల్లో ఉంచి, కొన దగ్గర చేరే శక్తిని లెక్కిస్తారు. లెక్కను మాత్రమే నమ్మరు. కణజాలంలా విద్యుత్తును ప్రసరింపజేసే జెల్ నింపిన తొట్టెలో అసలు లీడ్‌నే ఉంచి, ఆప్టికల్ ఫైబర్ థర్మామీటర్లతో వేడిని కొలిచి, లెక్కతో సరిపోల్చుతారు.

లెక్కలోకి తీసుకోని అమరికకు ఆ భరోసా వర్తించదు. పరికరం ఒక కంపెనీది, లీడ్ మరో కంపెనీది అయినా, పాత లీడ్ ముక్క లోపల మిగిలి ఉన్నా షరతులు తప్పినట్టే. స్కాన్ నడుముకే కదా అనీ అనుకోవద్దు, తరంగాలను పంపే పెద్ద కాయిల్ యంత్రం గోడలోనే ఉండి ఛాతీ దాకా ప్రభావం చూపవచ్చు.

పరికరం, లీడ్‌ల మోడల్ నంబర్లున్న కార్డుతో ముందు మీ కార్డియాలజిస్టును కలవండి. అనుమతించిన టెస్లా ఎంతో ఆయన చూసి చెబుతారు. స్కాన్‌కు ముందు పేస్‌మేకర్‌ను ఎంఆర్‌ఐ మోడ్‌లోకి మార్చాలి. లోపల ఉన్నంతసేపూ ఈసీజీ, ఆక్సిజన్ గమనించాలి. బయటికొచ్చాక మళ్లీ పాత సెట్టింగుకు తెచ్చి లీడ్‌ను పరీక్షించాలి. షరతులు కుదరకపోతే సీటీ స్కాన్ గురించి అడగండి. ఈలోగా మూత్రంపై అదుపు తప్పినా, పాదం పైకెత్తలేకపోయినా కార్డు సంగతి తేలేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.