మూతపడ్డ మిల్లును లైబ్రరీగా, నాటకాల షెడ్డుగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ దగ్గర ఏళ్లుగా మూతపడి ఉన్న రైస్ మిల్లును కూల్చకుండా పిల్లల లైబ్రరీగా, నాటకాల వేదికగా మార్చొచ్చా, ముందు పైకప్పు చూసుకోవాలా గోడలు చూసుకోవాలా అని అడిగారు. తప్పకుండా మార్చొచ్చు. కానీ ఆ రెండిటికన్నా ముందు కాగితాలు చూసుకోండి.

మాది పాలమూరు దిక్కు. మా మండల కేంద్రంలో మూతపడ్డ పల్లి నూనె మిల్లును ఏడుగురం స్నేహితులం కలిసి తీసుకున్నాం. అందరిలాగే మేమూ రిజిస్టర్ చేయించకుండా 11 నెలల అగ్రిమెంటు రాసుకున్నాం. చందాలు వసూలు చేసి పైకప్పు బాగుచేయించాం, కరెంటు పెట్టించాం. నాలుగు నెలలకే యజమాని కొడుకులు పంపకాలు మొదలుపెట్టి మమ్మల్ని ఖాళీ చేయమన్నారు. ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. చివరికి పెద్దమనుషుల్లో కూర్చుని, ముగ్గురు వారసులతో సంతకాలు పెట్టించి, తొమ్మిదేళ్లకు లీజు రిజిస్టర్ చేయించుకున్నాం. మీరు ఆ పని కాకముందు ఒక్క పెంకు కూడా మార్చకండి. తాకట్టు ఏమైనా ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించి చూడండి.

మమ్మల్ని బాగా సతాయించింది నూనె. యంత్రాల పక్క గోడ నడుము ఎత్తు దాకా నూనె పీల్చుకుంది. రెండుసార్లు సున్నం వేస్తే రెండుసార్లూ పొరలు పొరలుగా రాలింది. ఒక ముసలి మేస్త్రీ వచ్చి చూసి, పాత పూతను ఇటుక దాకా కొట్టించి డంగు సున్నంతో, అంటే ఇసుక కలిపి గానుగలో నూరిన సున్నంతో, మళ్లీ గిలాబు చేశాడు. సిమెంటు వద్దన్నాడు. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడనే తినేస్తుందట. ఆయన మాట నిజమే, మూడు వానాకాలాలు గడిచినా ఆ గోడ చెక్కుచెదరలేదు.

మీకు నూనె బాధ ఉండదు కానీ ఊక దుమ్ము ఉంటుంది. వాసాల మీద, స్విచ్ బోర్డుల్లో పేరుకున్న దుమ్ము ఇట్టే అంటుకుంటుంది. వెల్డింగ్ పెట్టించే ముందు అంతా ఊడ్పించండి. పైన పాత సిమెంటు రేకులుంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. పగలగొట్టకుండా, తడిపి దించడం తెలిసినవాళ్లనే పిలవండి.

యంత్రాలను మాత్రం తుక్కుకు అమ్మకండి. హైదరాబాద్ సైఫాబాద్ టంకశాల 1903లో, మన మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం కాలంలో మొదలైంది. 1997లో నాణేల తయారీ చర్లపల్లికి పోయింది. 2022లో ఆ పాత టంకశాలను మ్యూజియంగా తెరిచినప్పుడు యంత్రాలను కూడా జనానికి చూపించారు. లండన్‌లో 1981లో ఆగిపోయిన విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియం అయింది. అక్కడ టర్బైన్లు తీసేసినా ఆ ఎత్తైన హాలును అట్లే ఉంచారు.

మేం చేసిన ఒక తప్పు ఇప్పటికీ బాధపెడుతుంది. హమాలీలు బస్తాల లెక్కకు బొగ్గుతో గోడల మీద గీతలు గీసేవాళ్లు. మాకు తెలియక ఒక గోడ మీద వాటిని సున్నంతో కప్పేశాం. అక్కడ ఇరవై ఏళ్లు పల్లీలు చెరిగిన ఒక అవ్వ వచ్చి, "మా లెక్కలు ఏవి బిడ్డా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. తలుపు పక్క గోడ ఒక్కటి మిగిలింది. దానికి అద్దం పెట్టించి కాపాడుకుంటున్నాం. మీరు రంగు డబ్బా తెరవకముందే ఆ మిల్లులో పనిచేసినవాళ్లను పిలిచి, గోడ గోడా చూపించి అడగండి.

నాటకాలంటున్నారు కాబట్టి ఇంకొక మాట. ఖాళీ షెడ్డులో మాట మారుమోగి ఏదీ అర్థం కాదు. 12 మెట్ల కిన్నెర వాయించే ఒక తాత మా దగ్గరికి వచ్చినప్పుడు రెండో వరుస వాళ్లకు కూడా పాట తెలియలేదు. తర్వాత వెనక గోడ నిండా గోనె సంచులు రెండు పొరలుగా వేలాడదీశాం. మళ్లీ ఆయనే వచ్చి వాయిస్తే గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్లు కూడా విన్నారు. సాగర్ ఎడమ కాలువ కింద అన్ని మిల్లులున్న మీ దిక్కు గోనె సంచులకు కొదువ ఉండదు. ముందు వాటితోనే మొదలుపెట్టి చూడండి.