టెక్ సందేహాలు: వైరస్ పోయాక కూడా సిస్టమ్ మొరాయిస్తుంటే

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల నుంచి షార్ట్‌కట్ వైరస్ అంటుకుంది. ఒకటికి రెండు యాంటీవైరస్‌లు వేసి తీసేశాను. కానీ అప్పటి నుంచి పొద్దున సిస్టమ్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికే ఐదారు నిమిషాలు పడుతోంది. వచ్చాక స్క్రిప్ట్ ఫైల్ దొరకలేదంటూ ఒక మెసేజ్ బాక్స్ కనిపిస్తోంది. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఫార్మాట్ కొట్టేద్దాం అంటున్నారు. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ సెట్టింగులు అన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. విండోస్ 10, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. వేరే దారి ఉందా సర్?

జవాబు: ఉంది. ఫార్మాట్ మాట కాసేపు పక్కన పెట్టండి. డీటీపీ సెంటర్ సిస్టమ్‌లో ఏళ్ల తరబడి చేసిన పెళ్లి కార్డులు, కరపత్రాలు, పుస్తకాల పేజీలు ఉంటాయి. పోయిన నెల అచ్చేసిన మేటరే చిన్న మార్పుతో మళ్లీ కావాలంటూ కస్టమర్ వస్తాడు. అలాంటి సిస్టమ్‌ను జబ్బేమిటో తేల్చకుండా తుడిచిపెట్టడం సరికాదు. ఏ పని మొదలుపెట్టే ముందైనా మీ ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఎందుకు ముందు కాపీయే చేయమంటున్నానో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

ముందు ఆ మెసేజ్ బాక్స్ సంగతి. పెన్‌డ్రైవ్‌లోని అసలు ఫైళ్లను దాచేసి వాటి స్థానంలో షార్ట్‌కట్‌లు పెట్టే ఈ వైరస్ చాలావరకు ఒక చిన్న స్క్రిప్ట్ ఫైల్, అంటే కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశాల చీటీ. విండోస్ మొదలైనప్పుడల్లా తనను నడపమని అది సిస్టమ్‌లో ఓ ఆదేశం రాసిపెట్టుకుంటుంది. విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలోని రన్ కీలోనో, స్టార్టప్ ఫోల్డర్‌లోనో, టాస్క్ షెడ్యూలర్‌లోనో ఆ ఆదేశం ఉంటుంది. యాంటీవైరస్ ఫైల్‌ను చంపుతుంది కానీ ఆ ఆదేశాన్ని చాలాసార్లు అలాగే వదిలేస్తుంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన అద్దెవాళ్ల కోసం పేపరబ్బాయి రోజూ వచ్చి తలుపు కొడుతున్నట్టే ఇది. అంటే ఆ బాక్స్ చెబుతున్నది ఒక రకంగా మంచి వార్తే: పిలుస్తున్నారు, లోపల మాత్రం ఎవరూ లేరు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. బాక్స్ వస్తోంది, సిస్టమ్ నెమ్మదిగా ఉంది, కాబట్టి రెండింటికీ కారణం ఒకటే అనుకుంటారు. కాదు. లేని ఫైల్‌ను పిలిస్తే విండోస్ క్షణంలో వెతికి, దొరకలేదని బాక్స్ పడేసి ఊరుకుంటుంది. దానికి ఐదు నిమిషాలు పట్టదు. మీ సమయాన్ని తింటున్నది వేరే ఏదో ఉంది.

అదేమిటో ఊహించక్కర్లేదు, విండోస్ స్వయంగా రాసిపెడుతుంది. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని టైప్ చేసి తెరవండి. ఎడమ వైపు అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో డయాగ్నొస్టిక్స్-పర్ఫార్మెన్స్, చివరగా ఆపరేషనల్. దారి కాస్త పొడుగే అయినా వెళ్లినందుకు ఫలితం ఉంటుంది. అక్కడ 100 నంబర్ ఉన్న ఈవెంట్ మీద క్లిక్ చేస్తే బూట్ డ్యూరేషన్ అని మిల్లీసెకన్లలో ఒక అంకె కనిపిస్తుంది. 3,80,000 అని ఉంటే 380 సెకన్లు, అంటే 6 నిమిషాల 20 సెకన్లు. డిటెయిల్స్ టాబ్‌లోకి వెళ్తే అందులో డెస్క్‌టాప్ వచ్చేదాకా ఎంత పట్టింది, వచ్చాక సిస్టమ్ కుదురుకోవడానికి ఎంత పట్టింది అన్నది విడివిడిగా ఉంటుంది. చుట్టుపక్కల 101, 102, 103 నంబర్ల ఈవెంట్లు ఉన్నాయేమో చూడండి. 101 అయితే ఆలస్యం చేసింది ఒక ప్రోగ్రామ్, 102 అయితే డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్), 103 అయితే సర్వీస్ (తెర వెనక నడిచే ప్రోగ్రామ్). దాని పేరు కూడా అక్కడే ఉంటుంది. ఈ లాగ్ చూడకుండా స్లో స్టార్టప్‌కు మందు చెప్పడం నాకు ఇష్టం ఉండదు.

మీ ఉత్తరం చదివితే నా అనుమానం రెండింటి మీద. మొదటిది, ఆ 'ఒకటికి రెండు' యాంటీవైరస్‌లు. కంగారులో వేసినవి అలాగే ఉండిపోతే, సిస్టమ్ ఆన్ అవుతూ తెరిచే ప్రతి ఫైల్‌నూ రెండూ తనిఖీ చేస్తాయి. ఒకదాని ఫైళ్లను మరొకటి అనుమానించడమూ జరుగుతుంది. ఒక్కటే ఉంచండి. రెండోదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి ఊరుకుంటే దాని డ్రైవర్లు మిగిలిపోవచ్చు కాబట్టి, ఆ కంపెనీ వాళ్లు ఇచ్చే రిమూవల్ టూల్‌ను కూడా నడపండి. రెండూ తీసేసినా ఫర్వాలేదు, విండోస్‌తో వచ్చే డిఫెండర్ తనంతట తాను పనిలోకి దిగుతుంది. ఇంకో మాట: సగం తొలగిన ప్రోగ్రామ్ తాలూకు సర్వీస్ స్టార్ట్ కాలేక నిలబడిపోతే విండోస్ దానికోసం మామూలుగా 30 సెకన్ల దాకా ఎదురుచూస్తుంది. ఇలాంటివి నాలుగు పోగైతే రెండు నిమిషాలు వాటికే పోవచ్చు.

రెండో అనుమానం మీ హార్డ్ డిస్క్ మీద. రెండు యాంటీవైరస్‌లతో డిస్క్ అంతా స్కాన్ చేయించారు. అప్పటికే అలసిన డిస్క్ ఆ పనిలో బయటపడుతుంది. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట యూపీఎస్ లేకుండా నడిపిన డిస్క్ అయితే మరీ. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డెస్క్‌టాప్ వచ్చాక కూడా డిస్క్ కాలమ్ నిమిషాల తరబడి 100 శాతం దగ్గరే ఆగితే, క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే సరే. పసుపు రంగులో కాషన్ అని వస్తే చెడిపోయిన సెక్టార్లు మొదలైనట్టు. మొదట ఫైళ్లు కాపీ చేసుకోమన్నది ఇందుకే. అలాంటి డిస్క్‌ను ఫార్మాట్ చేయడం వృథా, మార్చాల్సిందే.

డిస్క్ బాగుందనుకుందాం. అప్పుడు సేఫ్ మోడ్ (తప్పనిసరి భాగాలతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) పరీక్ష చేయండి. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ క్లిక్ చేస్తే ట్రబుల్‌షూట్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, ఆ తర్వాత 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో చకచకా ఆన్ అయితే తప్పు మీరు ఎక్కించిన ప్రోగ్రామ్‌లలోనో డ్రైవర్లలోనో ఉంది. అక్కడా అంతే నెమ్మదిగా ఉంటే విండోస్ ఫైళ్లే దెబ్బతిని ఉండొచ్చు. వాటిని బాగుచేసే డిస్మ్, ఎస్‌ఎఫ్‌సీ అనే రెండు కమాండ్లు విండోస్‌లోనే ఉన్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డిస్మ్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ నడపాలి. డిస్మ్ ఆగిపోయినట్టు అనిపించినా మధ్యలో ఆపకండి.

మిగిలిపోయిన ఆదేశాలను ఏరేయడానికి ఆటోరన్స్‌ను మించిన పనిముట్టు నేను చూడలేదు. మార్క్ రస్సినోవిచ్ బృందం సిస్‌ఇంటర్నల్స్ పేరుతో తెచ్చిన ఉచిత టూల్స్‌లో ఇదొకటి. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది కాబట్టి మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది, అక్కడి నుంచే దించుకోండి. తెరవగానే వందల వరుసలు కనిపిస్తాయి, బెదిరిపోకండి. పసుపు రంగు వరుసలంటే పిలుపు ఉంది కానీ ఫైల్ లేదు అని అర్థం. లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్ అనే రెండు టాబ్‌లలో వెతకండి. మీ బాక్స్‌కు కారణమైన వరుసలో డబ్ల్యూస్క్రిప్ట్ అన్న పేరు, దాని వెనక ఏదో అర్థంలేని అక్షరాల ఫైల్ పేరు ఉంటుంది. డబ్ల్యూస్క్రిప్ట్ విండోస్ సొంత ప్రోగ్రామే, దాన్ని డిలీట్ చేయకూడదు. దాని వెనకున్న పేరే దొంగ. ఆ వరుసకు టిక్ తీసేయండి, డిలీట్ వద్దు. రీస్టార్ట్ చేసి అంతా బాగుందనుకున్నాక అప్పుడు డిలీట్ చేయొచ్చు.

రీస్టార్ట్ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టమ్ పూర్తిగా ఆగదు, కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. అందుకే మార్పు ఏం చేసినా ఫలితం చూడాలంటే రీస్టార్టే కొట్టాలి.

ఇవన్నీ అయ్యాక నా సలహా, హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ చిన్నది ఒకటి వేయించండి. హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా యథాతథంగా దానిలోకి క్లోన్ చేయొచ్చు, అప్పుడు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మళ్లీ ఎక్కించే పనుండదు. పాత డిస్క్‌ను ఎంత శుభ్రం చేసినా ఆ వేగం రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, మీ సిస్టమ్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో కూడా అదే చేత్తో కనుక్కోండి.

పెన్‌డ్రైవ్‌ల విషయం. పెట్టగానే దానంతటదే నడిచే ఆటోరన్‌ను (పైన చెప్పిన ఆటోరన్స్ టూల్ వేరు) మైక్రోసాఫ్ట్ 2011లోనే పాత విండోస్‌లలో కూడా కట్టడి చేసింది. కాబట్టి ఈ వైరస్ ఇప్పుడు మన డబుల్ క్లిక్ మీదే ఆధారపడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ టాబ్‌కు వెళ్లి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ బొమ్మ మూలన బాణం గుర్తు కనిపిస్తే ఎంత తొందరలో ఉన్నా క్లిక్ చేయకండి. కస్టమర్ ఫైళ్లు పోలేదు, అక్కడే దాగి ఉంటాయి, ఆట్రిబ్ కమాండ్‌తో బయటికి తీయొచ్చు. వీలైతే ఫైల్ మెయిల్‌లో పంపమనండి.

ప్రశ్న: మా బాబు కానూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. గేమ్ క్రాక్ ఏదో ఎక్కిస్తే ల్యాప్‌టాప్‌కు వైరస్ వచ్చింది, తనే తీసేశాడట. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టాక నల్ల తెర, మౌస్ బాణం తప్ప ఏమీ రావట్లేదు. అందులోంచే నేను బ్యాంకు పని కూడా చేస్తుంటాను. భయంగా ఉంది. (విజయవాడ, పటమట)

జవాబు: ల్యాప్‌టాప్ తర్వాత చూద్దాం అమ్మా, ముందు బ్యాంకు. క్రాక్‌లతో, అంటే డబ్బు కట్టకుండా ఆడుకోవడానికి వాడే దొంగ ఫైళ్లతో, వచ్చే మాల్‌వేర్‌లో (హానికరమైన ప్రోగ్రామ్‌లలో) చాలా రకాలు బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, లాగిన్ అయి ఉన్న ఖాతాలను ఎత్తుకుపోయేవే. అది లోపలికొచ్చిన కాసేపట్లోనే ఆ పని అయిపోతుంది, తర్వాత తీసేసినా పోయినవి వెనక్కి రావు. కాబట్టి ఈరోజే, ఆ ల్యాప్‌టాప్ నుంచి కాకుండా మీ ఫోన్ నుంచి, మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు రెండూ మార్చేయండి. మెయిల్ సెట్టింగ్స్‌లో అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ అయ్యే ఆప్షన్ ఉంటుంది, అదీ నొక్కండి. ఖాతాలోంచి డబ్బు పోయినట్టు కనిపిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి.

ఇక నల్ల తెర. డెస్క్‌టాప్‌ను చూపించేది ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామ్. కొన్ని మాల్‌వేర్‌లు రిజిస్ట్రీలో దాని పేరు ఉండాల్సిన చోట తమ పేరు రాసుకుంటాయి. ఫైల్ పోయి పేరు మిగిలితే విండోస్‌కు ఏం చూపించాలో తెలియదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైల్ మెనూలో రన్ న్యూ టాస్క్ క్లిక్ చేసి ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టమనండి. డెస్క్‌టాప్ వస్తే కారణం ఇదే కావచ్చు. బాబు రిజిస్ట్రీలో విన్‌లాగాన్ కింద షెల్ అనే విలువ సరిచేయగలడు. అయితే పై ప్రశ్నలో ఫార్మాట్ వద్దన్న నేనే ఇక్కడ చేయమంటాను. బ్యాంకు పని చేసే ల్యాప్‌టాప్‌లో క్రాక్ ద్వారా వచ్చిన మాల్‌వేర్ పూర్తిగా పోయిందని ఎవరూ భరోసా ఇవ్వలేరు. చదువు ఫైళ్లు, ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని, విండోస్‌ను శుభ్రంగా కొత్తగా ఎక్కించండి. బాబును మరీ తిట్టకండి. తిడితే ఈసారి ఏదైనా జరిగినప్పుడు మీకు చెప్పడు, అది ఇంకా ప్రమాదం.

ప్రశ్న: వైరస్ తీశాక మా షాపు కంప్యూటర్‌లో ఏ బ్రౌజర్‌లోనూ ఒక్క పేజీ తెరుచుకోవడం లేదు. అదే వైఫై ఫోన్‌లో బాగానే వస్తోంది. నెట్ వాళ్లు తమ లైన్ బాగుందంటున్నారు. (గొల్లపూడి, విజయవాడ)

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే అయ్యుంటుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో ప్రాక్సీ (నెట్‌ను మధ్యలో మరొకరి గుండా పంపే ఏర్పాటు) తెరవండి. మాన్యువల్ ప్రాక్సీ ఆన్‌లో ఉండి, అడ్రస్‌లో 127.0.0.1 (అంటే మీ కంప్యూటరే) అని ఉంటే మాల్‌వేర్ మీ నెట్‌ను తన గుండా మళ్లించుకున్న ఆనవాలు అది. ఇప్పుడది లేదు కాబట్టి దారి మూసుకుపోయింది. మీ షాపులో కావాలని ప్రాక్సీ పెట్టుకోలేదు కదా అని ఒకసారి కనుక్కుని ఆఫ్ చేయండి, వెంటనే నెట్ వస్తుంది. తర్వాత రీస్టార్ట్ చేసి మళ్లీ అదే ప్రాక్సీ సెట్టింగ్ చూడండి. ప్రాక్సీ తనంతట తాను ఆన్ అయి కనిపిస్తే మాత్రం లోపల ఇంకా ఏదో బతికే ఉంది. అప్పుడు విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే ఒక పావుగంట సేపు స్కాన్ జరుగుతుంది. అది పూర్తయ్యేదాకా ఆ కంప్యూటర్‌లో బిల్లింగ్, బ్యాంకు లావాదేవీలు ఏవీ పెట్టుకోవద్దు.