థైరాయిడ్‌కు రేడియో అయోడిన్... పాపకు దూరంగా ఉండాలా?

ప్రశ్న: నా వయసు 36. గ్రేవ్స్ వ్యాధికి (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) రెండేళ్లుగా కార్బిమజోల్ వాడుతున్నాను. మాత్రలు ఆపితే మళ్లీ గుండెదడ, చేతుల వణుకు మొదలవుతున్నాయి. ఇప్పుడు రేడియో అయోడిన్ తీసుకోమన్నారు. రేడియేషన్ అంటే భయంగా ఉంది. మా పాపకు మూడేళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ చికిత్స 1941లో బోస్టన్‌లో డాక్టర్ సాల్ హెర్ట్జ్ మొదలుపెట్టినప్పటి నుంచి వాడుకలో ఉన్నదే. థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారీకి రక్తంలోని అయోడిన్‌ను లాక్కుంటుంది. అది మామూలు అయోడినా, రేడియోధార్మిక అయోడిన్-131నా అన్న తేడా దానికి తెలియదు. అలా లోపలికి చేరిన అయోడిన్ నుంచి వెలువడే బీటా కణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి వెళ్లలేవు కనుక, వాటి దెబ్బ చాలావరకు అతిగా పనిచేస్తున్న ఆ గ్రంథికే పరిమితమవుతుంది. కేన్సర్ ముప్పు విషయానికొస్తే, మీ జబ్బుకు ఇచ్చే మోతాదులో అది ఉన్నా చాలా స్వల్పమే.

పాప గురించి మీ ఆందోళన మాత్రం సబబే. అయోడిన్-131 అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గేందుకు పట్టే కాలం, సుమారు 8 రోజులు. దాని నుంచి వచ్చే గామా కిరణాలు శరీరం దాటి బయటికీ వస్తాయి. అందుకే కొన్నాళ్లు పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, పక్కన పడుకోబెట్టుకోవడం మానాలి. ఎన్నాళ్లన్నది మోతాదును బట్టి న్యూక్లియర్ మెడిసిన్ వైద్యులు చెబుతారు. గ్రంథి పట్టుకోని అయోడిన్ మొదటి రెండు రోజుల్లో ఎక్కువగా మూత్రంలో పోతుంది కాబట్టి నీళ్లు బాగా తాగండి, టాయిలెట్‌ను రెండుసార్లు ఫ్లష్ చేయండి.

గర్భంతో ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదు. ముందుగా గర్భనిర్ధారణ పరీక్ష తప్పనిసరి, తర్వాత కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. పాప ఇంకా పాలు తాగుతుంటే, చికిత్సకు కనీసం ఆరు వారాల ముందే మాన్పించాలి. కళ్లు ఉబ్బడం, ఎర్రబడడం ఉంటే తప్పక చెప్పండి. ఈ చికిత్సతో ఆ సమస్య ముదరవచ్చు. కార్బిమజోల్‌ను ఎప్పుడు ఆపాలో కూడా అడగండి, సొంతంగా ఆపొద్దు.

నన్నడిగితే, మీరు రేడియేషన్ కన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది మరొకటుంది. చాలామందికి కొన్ని నెలల్లో థైరాయిడ్ మందగించి, జీవితాంతం రోజూ థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర అవసరమవుతుంది. ఇది చికిత్స వికటించడం కాదు, ముందే ఊహించే ఫలితం. అందుకే చికిత్స తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తపరీక్షలు చేయించుకోవాలి. తొలి వారాల్లో గుండెదడ పెరిగితే మాత్రం పరీక్ష తేదీ వరకు ఆగకుండా వెంటనే వైద్యుడిని కలవండి.